వామనకు బొట్టు

మనుషులు వస్తువును చూసి కొంటారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పక్కవాళ్లను చూసి కొంటారు. రాజమండ్రి చేనేత సహకార సంఘం దుకాణంలో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా కౌంటరు వెనక నిలబడి నేను నేర్చుకున్నది ఇదే. నేత బాగుందా, రంగు నిలుస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. "తహసీల్దారు గారి భార్య ఏది తీసుకున్నారండీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఆవిడ వంకాయ రంగు చీర తీసుకుందంటే, ఆ నెలంతా ఏ పేరంటానికి వెళ్లినా వంకాయతోటే.

ఇప్పుడు కోకాపేటలో మా అబ్బాయి అవినాష్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడ చీరలు కట్టేవాళ్లు తగ్గారు గానీ ఆ జబ్బు తగ్గలేదు. గోల్ఫ్ కర్రలకు పాకింది.

ఈ సంగతి నాకెలా తెలుసంటే, మా కోడలు ఉమాశ్రీ గోల్ఫ్ కర్రలు తయారు చేస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఫోన్లో అవతలివాళ్లు ఇంకోసారి చెప్పమంటారు. తరవాత "ఆరోగ్యం బాగానే ఉందా?" అని అడుగుతారు. నా ఆరోగ్యమో, ఆమె ఆరోగ్యమో చెప్పరు.

అంతకుముందు ఉమ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో పనిచేసేది. విదేశీ కార్ల తలుపు గడియలను కంప్యూటర్ మీద గీయడం ఆమె పని. జీతానికి లోటు లేదు, నవ్వుకే లోటు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి, సోఫాలో కూర్చుని గోడను చూస్తూ ఉండేది. ఆఫీసువాళ్లతో కలిసి ఆడాలని ఒకసారి గోల్ఫ్ కర్ర కొనుక్కుంది. ఆడటం మానేసి దాని తల ఊడదీసి లోపల ఏముందో చూసింది. "ఇంతేనా?" అంది. ఆ 'ఇంతేనా' తోనే ఉద్యోగం పోయింది, అంటే ఆమే వదిలేసింది.

బాలానగర్‌లో ఒక వర్క్‌షాపును పట్టుకుని తలలు చేయించడం మొదలుపెట్టింది. కర్రా, చేతిపట్టూ అందరూ కొనే చోటే కొంటుంది. తల మాత్రం తనది. బంతిని అన్నిటికన్నా దూరం పంపే పెద్దతల కర్రను డ్రైవర్ అంటారు, ఆమె చేసేవి అవే. తల అడుగున తెలుగు అక్షరాల్లో 'వామన' అని చెక్కించింది. "పొట్టివాడైనా మూడడుగుల్లో లోకమంతా కొలిచాడు కదా అత్తయ్యా" అంది. అప్పటి నుంచే పని చేస్తూ కూనిరాగం తీయడం మొదలైంది. శ్రుతీ ఉండదు, తాళమూ ఉండదు. అయినా ఆ రాగం నాకిష్టం.

పుప్పాలగూడ దాటాక ఒక డ్రైవింగ్ రేంజ్ ఉంది. పెద్ద గోల్ఫ్ మైదానం కాదు. చుట్టూ ఎత్తైన వలలు కట్టి ఉంటాయి, జనం వరుసగా నిలబడి బంతులు కొట్టి సాధన చేసుకుంటారు. దాని మేనేజరు నరసింహమూర్తి గారిది మా గోదావరి వైపే. ఆ అభిమానంతో ఉమకు ఒక మూల ఇచ్చారు. "దసరా దాకా చూద్దామండి. మెంబర్లలో ఒక్కరైనా మీ కర్రతో ఆడితే సరేనండి. లేదంటే ఆ మూలలో కాఫీ మిషన్ పెట్టమని పైవాళ్లు అంటున్నారండి" అన్నారు. పాత కంపెనీవాళ్లు కూడా ఉమను మళ్లీ రమ్మంటున్నారు. దసరా వెళ్లాక చెబుతానని వాళ్లకు మాటిచ్చింది. అంటే దసరా దాటితే ఆ పిల్లకు మళ్లీ తలుపు గడియలే. అది నాకు అస్సలు ఇష్టం లేదు. కోడలు ఇల్లు పట్టుకుని ఉండాలని కోరుకునే అత్తలుంటారు. నేను మాత్రం ఆ మూలను పట్టుకుని ఉండాలని దేవుడికి మొక్కాను.

శని, ఆదివారాలు ఆమెతో పాటు వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. గోల్ఫ్ నాకు ఇప్పటికీ అర్థం కాదు. బంతిని అంత దూరం కొట్టడం ఎందుకు, మళ్లీ మనిషిని పెట్టి ఏరించడం ఎందుకు? కానీ కొనేవాళ్లు నాకు అర్థమవుతారు. ఒకాయన ఒక కంపెనీ కర్రలు ఇంట్లోకే రానివ్వడు, దానితో ఆడినప్పుడు బావమరిది చేతిలో ఓడిపోయాడట. ఇంకొకాయన టీవీలో గెలిచినవాడి చేతిలో ఏది ఉంటే అది కొంటాడు, మరుసటి వారం వేరేవాడు గెలిస్తే మళ్లీ మారుస్తాడు. ఇంకొకావిడకు ఎర్ర రంగు కావాలి. బంతి ఎటు పోతోందని మాత్రం ఎవరూ అడగరు.

ఇక ఆ రేంజ్‌కు తహసీల్దారు గారి భార్య ఎవరంటే, లోహిత్. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నాడు. రేంజ్ మెంబర్లలో సగం మంది ఆయన కింద పనిచేసేవాళ్లే. ఆయన ఏ విదేశీ కంపెనీ డ్రైవర్ కొంటే వాళ్లందరూ అదే కొంటారు. అదే నల్ల రంగు, అదే నల్ల సంచి. అంతకుముందు ఆయన ఇంకో కంపెనీది వాడేవాడట. పక్క టీమ్ పెద్దాయన కూడా అదే కొన్నాడని తెలిసి పక్కన పడేశాడు. ఆ రోజుల్లో అందరి కర్రలూ ఒకేసారి మారిపోయాయని యాదయ్య చెప్పాడు. యాదయ్య ఆ రేంజ్‌లో గడ్డి కోసే ట్రాక్టరుకూ, బంతులు ఏరే బండికీ పెద్దదిక్కు.

లోహిత్ టీమ్‌లో ప్రవీణ అనే అమ్మాయి ఉంది. మంచి పిల్ల, వచ్చినప్పుడల్లా నా పక్కన కాసేపు కూర్చుని వెళుతుంది. నువ్వూ అదే ఎందుకు కొన్నావని ఒకరోజు అడిగాను.

"ఆఫీస్ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు పార్కింగ్‌లో అందరూ డిక్కీలు తెరుస్తారు ఆంటీ. నాది వేరేగా ఉంటే 'ఇదేంటి' అని అడుగుతారు. జవాబు చెప్పే ఓపిక నాకు లేదు."

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు మనవాళ్లు. వీళ్లకు ఆ పొరుగిల్లు సముద్రాలు దాటి ఉంటే రుచి ఇంకా ఎక్కువ. అంతా బాగానే ఉంది గానీ, లోహిత్ కొట్టిన బంతి ఎప్పుడూ కుడివైపే పోయేది. గాలి లేకపోయినా కుడికే. ఏటా కొత్త డ్రైవర్ కొంటాడు, బంతి మాత్రం పాత దారి వదలదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఈయన మద్దెలలు మారుస్తూనే ఉన్నాడు.

ఉమ మూలలో కూర్చుని ఆయన దెబ్బను గమనించేది. చివరికి ఆయన కోసమనే ఒక డ్రైవర్ చేసింది. తల లోపల బరువును ఒక పక్కకు జరిపితే బంతి కుడికి పోకుండా సర్దుకుంటుందట. ఒక ఆదివారం ఆయన తనంతట తానే మా మూలకు వచ్చినప్పుడు దాన్నే చేతికిచ్చింది.

ఆయన తిప్పి అడుగున ఉన్న పేరు చదివాడు. "అగరొత్తుల పేరులా ఉంది ఆంటీ" అన్నాడు నాతో. తర్వాత సంతలో పుచ్చకాయ కొనేవాడిలా గోటితో తల మీద టకటకమని కొట్టి చూశాడు. "సౌండ్ లేదు. నా దాని సౌండ్ వేరే లెవెల్‌లో ఉంటుంది."

"ఒక్క బంతి కొట్టి చూడండి సార్" అంది ఉమ.

"నెక్స్ట్ టైమ్, పక్కా" అని వెళ్లిపోయాడు.

ఆ నెక్స్ట్ టైమ్ రాలేదు. పుచ్చకాయనైనా కోసి చూపించమంటారు కదా అని నాకు ఒళ్లు మండింది. ఉమ డ్రైవర్‌ను తుడిచి మళ్లీ స్టాండులో పెట్టింది. ఆ రోజు కూనిరాగం వినిపించలేదు.

అలా నవరాత్రులు వచ్చాయి. యాదయ్య ప్రతి ఏడూ ఆయుధపూజ నాడు తన ట్రాక్టరుకు పూజ చేస్తాడు. ఈసారి మెంబర్ల కర్రలు కూడా పూజలో పెడదామని నరసింహమూర్తి గారికి ఆలోచన వచ్చింది. అందరూ సంచులు రేంజ్‌లో వదిలి వెళ్లండి, పూజ చేయించి ఉంచుతాం, దసరా పొద్దున వచ్చి మొదటి దెబ్బ కొట్టండి అని కబురు పెట్టారు. లోహిత్ సంచి వచ్చింది. ఇక మిగతా టీమ్ సంచులన్నీ దాని వెనకే వచ్చాయి.

పూజ రోజు ఉమ బాలానగర్ వర్క్‌షాపులో పూజకు వెళ్లింది. నేను రేంజ్‌కు వెళ్లాను. యాదయ్య ఎదురొచ్చాడు.

"అమ్మా, పంతులు వస్తుండు గని, ఆయనకు ఇంక శానా జాగలున్నయంట. గంధం, బొట్లు మీరు జర చూసుకుంటరా?"

అంతకన్నా నాకు కావలసింది ఏముంది? పసుపు కలిపి గిన్నె నిండా గంధం తీశాను. నేల మీద తెల్ల పంచె పరిచి, సంచుల్లోంచి డ్రైవర్లన్నీ తీసి వరుసగా పెట్టించాను. వాటి తలలకు మెత్తని టోపీలు తొడుగుతారు. పులి బొమ్మవి, ఎలుగుబంటి బొమ్మవి, కంపెనీ పేరున్నవి. దేవుడి ముందు టోపీలేమిటని అన్నీ తీసి బుట్టలో వేశాను. మనింటి పిల్ల ముందుండాలని వామనను వరుసలో మొదట పెట్టాను. దాని పక్కన లోహిత్‌ది, ఆ పక్కన ప్రవీణది, అలా మిగతావాళ్లవి.

వేలితో చుక్క పెట్టి పూజయిందనుకునే రకం కాదు నేను. చేస్తే నిండుగా చేయాలి. గడపకు పసుపు రాసినట్టు తలలన్నిటికీ పైనా అడుగునా గంధం పూశాను. బంతికి తగిలే ముందు భాగం నున్నగా ఉంది, దానికి నిండా కుంకుమ అద్దాను. పంతులు గారు వచ్చి, మంత్రాలు చదివి, కొబ్బరికాయ కొట్టి, స్కూటరెక్కి వెళ్లిపోయారు. యాదయ్య ట్రాక్టరు ముందు గుమ్మడికాయ పగలగొట్టాడు. ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను.

కర్రలు మళ్లీ సంచుల్లో పెట్టాల్సి వచ్చినప్పుడు తెలిసింది. అన్ని తలలూ పచ్చగా ఉన్నాయి. అన్ని సంచులూ నల్లగా ఉన్నాయి. ఏది ఎవరిదో ఆ దుర్గమ్మకే తెలియాలి.

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి కదమ్మా, ఫికర్ ఏంది?" అన్నాడు యాదయ్య.

"వరుస ప్రకారం పెట్టెయ్ యాదయ్యా. మొదటిది మొదటి సంచిలో, రెండోది రెండోదాంట్లో" అన్నాను. మొదటి సంచి లోహిత్‌ది. వరుసలో మొదట పెట్టింది మాత్రం మన వామన. అది మర్చిపోయాను. చివరికి ఒకటి మిగిలితే, మనదేనని తీసి మన స్టాండులో పెట్టి నిశ్చింతగా ఇంటికెళ్లాను.

దసరా పొద్దున అందరూ వచ్చారు. కొత్త బట్టలు, కొత్త షూలు. వల కట్టిన స్తంభం మీద పాలపిట్ట వాలితే యాదయ్య అందరినీ పిలిచి చూపించాడు. పండగ పూట పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచిదని లోహిత్ కూడా తలెత్తి దండం పెట్టాడు. ఒకరిద్దరు తలల మీది గంధం తుడవబోతే యాదయ్య ఆపాడు.

"తుడవకుండ్రి సార్. మొదటి దెబ్బ బొట్టుతోనే కొట్టాలె. ఇగ ఆ తర్వాత మీ ఇష్టం."

మొదటి దెబ్బ లోహిత్‌దే అని ఎవరూ చెప్పకుండానే అందరూ పక్కకు జరిగారు. ఆయన నిలబడ్డాడు, ఊపాడు, కొట్టాడు. బంతి తిన్నగా పోయింది. కుడికి తిరుగుతుందని అందరి తలలూ ముందే కుడికి తిరిగాయి. బంతి తిరగలేదు. దూరాన ఉన్న జెండాను దాటి పడింది.

లోహిత్ కర్ర ఎత్తి చూసుకున్నాడు. కుంకుమలో బంతి తగిలిన చోట గుండ్రంగా అచ్చు పడింది. సరిగ్గా నడిమధ్యన. ఇంకోటి కొట్టాడు. అదీ తిన్నగానే పోయింది. ఆయన ముఖం చూడాలి అప్పుడు.

"అందుకే నేను ఈ కంపెనీ తప్ప ఇంకోటి ముట్టను" అన్నాడు టీమ్‌తో. "సౌండ్ విన్నారా? ఈ సౌండ్ ఇంకెవరికీ రాదు."

అందరూ తలలూపారు. వాళ్లూ కొట్టారు. ఒకరి కర్ర ఒకరి చేతిలో ఉందని ఒక్కరూ గుర్తుపట్టలేదు. ఎప్పటిలాగే ఉందన్నాడు ఒకాయన. పూజయ్యాక ఇంకా బాగుందన్నాడు ఇంకొకాయన.

నా పక్కన నిలబడ్డ ఉమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అత్తయ్యా, ఆ చప్పుడు మనది."

"ఏ చప్పుడు?"

"లోహిత్ సార్ కొట్టింది. అది వామన. ఆయన కోసం చేసిందే."

మొదటిది మొదటి సంచిలో అన్న నా మాట అప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి చెప్పేస్తానంటే ఉమ వద్దంది. "ఇంకో రెండు కొట్టనివ్వండి అత్తయ్యా. చూడనివ్వండి." బడి నాటకంలో తన పిల్లను చూసుకునే తల్లిలా చూస్తోంది. నేనిక కదల్లేదు.

కానీ ప్రవీణ ఫోన్ తీసింది. "సార్, కంపెనీ పేరు కనబడేలా పట్టుకోండి. గ్రూప్‌లో పెడదాం."

లోహిత్ తువ్వాలుతో అడుగున రుద్దాడు. నా గంధం అంత తేలిగ్గా పోదు. నీళ్లు తడిపి రుద్దాడు. ముందు 'వా' బయటపడింది. ఆయన చెయ్యి ఆగింది. మిగతాది నెమ్మదిగా తుడిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు వంగి చదివారు.

"ఏంటండీ ఈ ట్రిక్?" అన్నాడు ఉమను చూసి.

ఉమ నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"ట్రిక్కు కాదు నాయనా, పొరపాటు. ఆ పొరపాటు నాది. సంచుల్లో పెట్టించింది నేను. మీరందరూ ఒక్కలాంటివే కొనుక్కుంటే నేను ఎలా గుర్తుపట్టను? మీరే గుర్తుపట్టలేదు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. లోహిత్ ముఖం చూసి మళ్లీ సర్దుకున్నారు.

ఆయన వామనను కింద పెట్టి తనది వెతుక్కున్నాడు. వరుస ఒకటి జరిగింది కాబట్టి పక్క సంచిలో, అంటే ప్రవీణ దాంట్లో దొరికింది. దాంతో కొట్టాడు. బంతి కుడివైపు వల్లోకి పోయింది. కుంకుమలో అచ్చు ఒక అంచున పడింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అంతే.

"ఎండ కళ్లలో పడుతోంది" అన్నాడు. ఎండ ఆయన వీపు వెనక ఉంది. సంచి భుజాన వేసుకుని కారెక్కాడు. టీమ్ అంతా ఎవరి కర్రలు వాళ్లు మార్చుకుని వెనకే వెళ్లిపోయింది.

నరసింహమూర్తి గారు మెల్లగా వచ్చారు. "లోహిత్ గారు నొచ్చుకున్నారండి. ఆయన ఆడితేనే మిగతావాళ్లు ఆడతారని మీకూ తెలుసండి. కాఫీ మిషన్ వాళ్లు రేపు వస్తామంటున్నారండి మరి" అన్నారు. ఆయనకు కూడా బాధగానే ఉంది పాపం.

ఉమ పెట్టె తెచ్చుకుని పనిముట్లు సర్దడం మొదలుపెట్టింది.

"ఇక నేను చేయాల్సింది ఏముంది అత్తయ్యా? కొట్టాడు, బాగుందన్నాడు. పేరు చదవనంతసేపూ బాగుంది."

"నా నిండు గంధం చేసిన నిర్వాకం ఇది."

"మీ గంధం వల్లే కదా ఒక్కసారైనా కొట్టాడు" అంది. నన్ను ఓదార్చడానికి నవ్వింది కూడా. ఉద్యోగం నుంచి వచ్చి సోఫాలో కూర్చున్న రోజుల్లో కూడా, నేను పలకరిస్తే అలాగే పెదాలతో మాత్రం నవ్వేది.

సాయంత్రం జమ్మి పంచుకోవడానికి అందరూ కుటుంబాలతో మళ్లీ రేంజ్‌కు వచ్చారు. యాదయ్య జమ్మి కొమ్మలు తెచ్చాడు. ఆకులు చేతిలో పెట్టుకుని 'బంగారం' అంటూ ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. పెద్దవాళ్ల కాళ్లకు దండాలు పెడుతున్నారు. మేము మా పెట్టె తీసుకెళ్దామని వచ్చాం. మూలలో ఉమ స్టాండు చివరి మరలు విప్పుతుంటే, వెనకవైపు నుంచి లోహిత్ వచ్చాడు. పట్టు లాల్చీలో ఉన్నాడు. నా చేతిలో జమ్మి ఆకు పెట్టి వంగి దండం పెట్టాడు. దీవించాను. అయినా వెళ్లలేదు.

"ఆంటీ, ఆ డ్రైవర్ ఉందా?"

"ఏ డ్రైవర్?" అన్నాను. తెలిసే అడిగాను.

"అదే... వామన."

"ఉంది."

"ఎన్నేళ్లుగానో రైట్‌కే పోతోంది ఆంటీ. ఎన్ని మార్చినా అంతే. పొద్దున స్ట్రెయిట్‌గా పోయింది. ఇంటికెళ్లి పండగ భోజనం కూడా సరిగ్గా తినలేకపోయాను."

"అయితే తీసుకో నాయనా."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. టీమ్ అంతా అక్కడే ఉంది. గొంతు తగ్గించాడు. "కొంచెం గంధం ఉంటే, అడుగున పూసిస్తారా? పొద్దున్న పూసినట్టే. పూజ చేసింది కదా, తుడవలేదనుకుంటారు. నేను రెగ్యులర్‌గా ఆడతాను, ప్రామిస్."

ఉమ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నావైపు చూసింది.

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన ఆడితే మూల నిలుస్తుంది. దుకాణంలో ఉన్నప్పుడు సహకార సంఘం సంచి వద్దు, ఉత్త కాగితంలో చుట్టివ్వండి అనేవాళ్లు. నవ్వుతూ చుట్టి ఇచ్చేదాన్ని. కానీ ఆ చీరలు నేసినవాళ్లు అప్పుడు నా ఎదురుగా లేరు. ఈ పిల్ల ఉంది.

గిన్నెలో మిగిలిన గంధాన్ని నీళ్లతో తడిపాను. లోహిత్ హమ్మయ్య అనుకుని డ్రైవర్‌ను తిప్పి పట్టుకున్నాడు. వేలితో గంధం తీసుకుని, పేరుకు పైన చిన్న బొట్టు పెట్టాను. దాని మధ్య కుంకుమ చుక్క పెట్టాను. చెయ్యి తుడుచుకున్నాను.

"అంతేనా ఆంటీ?"

"అంతే. బొట్టు ముఖానికి అందమని పెడతాం గానీ ముఖం కప్పెయ్యడానికి పెట్టం. ఈ పేరుతో పట్టుకెళితే పట్టుకెళ్లు. లేదంటే ఇక్కడే వదిలెయ్. మా ఇంట్లో దండెం ఎత్తుగా ఉంది, బట్టలు తీసుకోవడానికి పనికొస్తుంది."

ఆయన కాసేపు కర్రను చూశాడు, టీమ్‌ను చూశాడు. ఉమ విప్పిన మరలను చూశాడు. తర్వాత కర్ర భుజాన పెట్టుకుని, పేరు బయటికి కనబడేలా, అందరి మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్లాడు.

"సార్, అది..." అంది ప్రవీణ.

"వామన. ఉమాశ్రీ గారు చేశారు."

"అగరొత్తుల పేరులా ఉంది కదా సార్" అన్నాడు వెనక నుంచి ఒక కుర్ర ఉద్యోగి. ఆ మాట వాడు ఎక్కడ నేర్చుకున్నాడో అందరికీ తెలుసు.

"ఆ మాట అన్నవాడికి బుద్ధి లేదు. నువ్వు చూడు" అని లోహిత్ కొట్టాడు.

బంతి పైకి లేచింది. అది తిన్నగా పోయి, చివర్లో కొంచెం ఎడమకు ఒరిగి పడింది. లోహిత్ మావైపు తిరిగాడు.

"ఆంటీ, లెఫ్ట్‌కి పోయింది."

బంతి దారి తప్పినందుకు అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. ఇంకోటి, ఇంకోటి అంటూ చీకటి పడే దాకా కొట్టేలా ఉన్నాడు. భార్య వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ ఆగలేదు.

ఇక చూడండి గొర్రెదాటు. టీమ్ అంతా మా మూల చుట్టూ మూగింది. సార్‌కు ఇచ్చిందే మాకూ కావాలంటారు. నేనైతే సంతోషంగా చుట్టి ఇచ్చేసేదాన్ని. ఉమ ఒప్పుకోలేదు.

"అదే ఇవ్వను. అది ఆయన దెబ్బకు సరిపోయేలా చేసింది, మీరు కొడితే ఎడమ వల్లో పడుతుంది. ఒక్కొక్కరూ వచ్చి కొట్టి చూపించండి. ఎవరికి తగ్గది వాళ్లకు చేస్తాను."

కొందరికి అది నచ్చలేదు. సార్‌దే కావాలని గొణుక్కుంటూ పక్కకెళ్లారు. ప్రవీణ మాత్రం ముందుకొచ్చింది.

"అక్కా, నా డ్రైవర్ మొదటి నుంచీ నాకు బరువే. ఎవరికీ చెప్పలేదు. భుజం నొప్పి కూడా. కొంచెం తేలిగ్గా చేస్తారా?"

"కొట్టు, చూస్తాను" అంది ఉమ. తర్వాత నావైపు చెయ్యి చాపింది. "అత్తయ్యా, కుంకుమ ఇలా ఇస్తారా?"

భరిణె ఇచ్చాను. బంతి ఎక్కడ తగులుతోందో తెలియడానికి ఇన్నాళ్లూ ఏదో స్టిక్కర్ తెప్పించి అంటించేది. ఇప్పుడు ప్రవీణ కర్ర ముందు భాగానికి కుంకుమ అద్ది, కొట్టించి, అచ్చు పడిన చోటును వంగి చూస్తోంది. సర్దిన పెట్టె తెరిచి పనిముట్లు ఒక్కొక్కటే మళ్లీ బయట పెడుతోంది.

నరసింహమూర్తి గారు చేతులు నలుపుకుంటూ వచ్చారు. "మరి కాఫీ మిషన్ ఎక్కడ పెట్టమంటారండి?" అని ఎవరిని అడగాలో తెలియక నన్నే అడిగారు.

"నా ట్రాక్టర్ పక్కపొంటి పెట్టుండ్రి సార్" అన్నాడు యాదయ్య. "నేను గూడ తాగుత."

ప్రవీణ ఇంకో బంతి కొట్టింది. ఉమ కర్ర తీసుకుని, తలను వేళ్లతో తడుముతూ, తనకు తెలియకుండానే కూనిరాగం అందుకుంది. శ్రుతి లేదు, తాళం లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పండగ పూట కంట తడి పెట్టకూడదని, గంధం గిన్నె కడగాలన్న వంకతో కుళాయి దగ్గరికి వెళ్లాను.